సాకెట్‌లో అంతుచిక్కని వోల్టులు: దోషం మీటరుదా, తీగదా?
డాలీగంజ్ నుంచి మన ఊళ్ల దాకా ఇళ్లలో ఒకటే చిక్కు. సరిగా కొలవకుంటే ప్రాణాపాయం

శ్రీవిజయపురం: స్విచ్ ఆపి ఉన్న ప్లగ్ పాయింటులో మల్టీమీటరు 84 వోల్టులు చూపుతుంది. రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది, కాని ఫ్యాను మాత్రం తిరగదు. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే చేయి జివ్వుమంటుంది. ఇళ్లలో తరచుగా ఎదురయ్యే ఈ మూడు అనుభవాలకూ కారణాలు వేర్వేరు. మొదటిది చాలా సందర్భాల్లో మీటరు కల్పించే భ్రమ. రెండవది తెగిన న్యూట్రల్‌కు గుర్తు. మూడవది ప్రాణం తీయగల లోపానికి ముందస్తు హెచ్చరిక కావచ్చు. మీటరుపై కనిపించిన అంకె ఒక్కటే ఈ మూడింటినీ వేరుచేసి చెప్పలేదు. ఏ రెండు బిందువుల మధ్య కొలిచారు, లోడు ఉండగా కొలిచారా లేక లేనప్పుడు కొలిచారా అన్న ప్రశ్నలకు జవాబు దొరికినప్పుడే ఆ అంకెకు అర్థం ఏర్పడుతుంది.

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని పోర్ట్‌బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం శ్రీవిజయపురంగా మార్చింది. ఆ నగర పరిసరాల్లోని డాలీగంజ్ వంటి నివాస ప్రాంతాలకు ఈ సమస్య మరింత దగ్గరిది. విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన సముద్రం నడుమ ఉన్న ఈ దీవులకు ప్రధాన భూభాగంలోని విద్యుత్ గ్రిడ్‌తో సంబంధం లేదు. చెన్నై నుంచి సముద్ర గర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమైంది. అది సమాచారాన్ని తెచ్చిందే కాని విద్యుత్తును తేలేదు. దీవుల్లో వాడే ప్రతి యూనిట్‌నూ అక్కడే ఉత్పత్తి చేసుకోవలసి వస్తోంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం ఓడలపై వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వారిలో ఎన్నో ఉన్నాయి. కనుక అక్కడి ఇంటి గోడలోని తీగల సంగతి తెలుగు పాఠకులకు పరాయి విషయం కాదు.

చిన్న గ్రిడ్, పెద్ద ఒడిదుడుకులు

దీవుల్లో విద్యుత్ ఉత్పత్తికి ప్రధాన ఆధారం డీజిల్ జనరేటర్లు. హైదరాబాద్‌కు చెందిన సూర్యచక్ర పవర్ కార్పొరేషన్ దక్షిణ అండమాన్‌లోని బాంబూఫ్లాట్ వద్ద నెలకొల్పిన 20 మెగావాట్ల డీజిల్ కేంద్రం 2003లో ఉత్పత్తి ప్రారంభించింది. ఉత్తర అండమాన్‌లో కల్పాంగ్ నదిపై 5.25 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం ఉంది. గారాచర్మ వద్ద ఎన్‌టీపీసీ 5 మెగావాట్ల సౌర కేంద్రాన్ని నిర్మించింది. ఎన్‌ఎల్‌సీ ఇండియా సంస్థ అట్టంపహాడ్, డాలీగంజ్‌లలో కలిపి 20 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాలను, వాటికి తోడుగా 8 మెగావాట్ అవర్ల బ్యాటరీ నిల్వ వ్యవస్థను 2020లో అందుబాటులోకి తెచ్చింది.

సౌర కేంద్రానికి బ్యాటరీ ఎందుకన్న ప్రశ్నకు జవాబు గ్రిడ్ పరిమాణంలోనే ఉంది. లక్షల మెగావాట్ల జాతీయ గ్రిడ్‌లో ఒక జనరేటర్ ఆగిపోయినా ఇంట్లో దీపం రెప్పవేయదు. కొద్ది పదుల మెగావాట్ల గ్రిడ్‌లో ఒక యంత్రం ఆగినా, సౌర ఫలకాలపై మేఘం కమ్మినా దాని ప్రభావం వెంటనే వోల్టేజిలోనూ, ఫ్రీక్వెన్సీలోనూ కనిపిస్తుంది. ఆ కుదుపును క్షణాల్లో భర్తీ చేయడమే బ్యాటరీ పని.

అయితే ఇంట్లో కనిపించే ప్రతి వింత రీడింగుకూ గ్రిడ్‌ను నిందించడం సరికాదు. సంవత్సరానికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే దీవుల్లో గాలిలో తేమకు ఉప్పు తోడవుతుంది. మీటరు బోర్డులోని స్క్రూలు, స్తంభంపై అల్యూమినియం తీగను రాగి తీగతో కలిపిన ముడులు త్వరగా చిలుము పడతాయి. పైకి బిగుతుగా కనిపించే ముడి లోపల నిరోధం పెరిగి ఉంటుంది. అందువల్ల లోపం గ్రిడ్‌దా, వీధిదా, ఇంటిదా అన్నది తేల్చడమే పరీక్షలో మొదటి మెట్టు. పొరుగు ఇళ్లలోనూ అదే సమయంలో అదే తేడా ఉంటే విషయం విద్యుత్ శాఖది. ఒక్క ఇంట్లోనే ఉంటే స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగ మొదలు లోపలి వైరింగు వరకు వెతకాలి. ఒక్క గదిలోనే ఉంటే ఆ గది సర్క్యూట్‌లోనే లోపం ఉన్నట్లు.

సరైన రీడింగు ఏది?

భారతదేశంలో ఇళ్లకు అందే సింగిల్ ఫేజ్ విద్యుత్ ప్రామాణిక వోల్టేజి 230. భారత విద్యుత్ నిబంధనలు, 1956 ప్రకారం లో వోల్టేజి సరఫరాలో అనుమతించిన హెచ్చుతగ్గులు 6 శాతం. అంటే దాదాపు 216 నుంచి 244 వోల్టుల వరకు. ఆ నిబంధనల స్థానంలో 2010లోనూ, తిరిగి 2023లోనూ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాలు వచ్చాయి. గృహస్థుడికి మాత్రం ఆ పాత హద్దులు ఇప్పటికీ పనికివచ్చే కొలబద్ద.

మూడు రంధ్రాల సాకెట్‌ను ఎదురుగా నిలబడి చూస్తే పైనున్న పెద్ద రంధ్రం ఎర్త్, కుడివైపుది ఫేజ్, ఎడమవైపుది న్యూట్రల్. అందుచేత పరీక్ష ఒకటి కాదు, మూడు. ఫేజ్, న్యూట్రల్ మధ్య సుమారు 230 వోల్టులు ఉండాలి. ఫేజ్, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే ఉండాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకపోవడం మంచిది. ఈ మూడు అంకెలనూ కాగితంపై రాసుకుని పక్కపక్కన పెడితే సగం రోగనిర్ణయం పూర్తయినట్లే. ఫేజ్, న్యూట్రల్ మధ్య మాత్రమే కొలిచి ఊరుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు.

దొంగ వోల్టులు

స్విచ్ ఆపినా 84 వోల్టులు కనిపించడం వెనుక రహస్యం ఇది. గోడలోని ఒకే పైపులో పక్కపక్కన సాగే రెండు తీగల్లో ఒకదానిలో కరెంటు ఉండి, రెండవది ఏ కొసకూ తగలకుండా వదిలివేసినట్లు ఉంటే ఆ రెండూ కలిసి చిన్న కెపాసిటర్‌గా పనిచేస్తాయి. ఆ మార్గాన అతి స్వల్పమైన విద్యుత్తు రెండవ తీగలోకి చేరుతుంది. డిజిటల్ మల్టీమీటరు అంతర్గత నిరోధం సాధారణంగా 10 మెగా ఓంలు. 84 వోల్టుల రీడింగు వచ్చినప్పుడు దాని గుండా పారేది 8.4 మైక్రో ఆంపియర్లు మాత్రమే. 60 వాట్ల పాతకాలపు బల్బు వెలగడానికి 260 మిల్లీ ఆంపియర్లు కావాలి. అంటే దానికి సుమారు 30 వేల రెట్లు ఎక్కువ. స్విచ్ ఆపిన తర్వాత కూడా ఎల్‌ఈడీ బల్బు మిణుకుమిణుకుమనడానికి కారణాల్లో ఇది ఒకటి.

నిజమైన వోల్టేజి, దొంగ వోల్టేజి ఏదో తేల్చడానికి పాత ఎలక్ట్రీషియన్ల పద్ధతే ఉత్తమం. రెండు రంధ్రాల మధ్య హోల్డరుకు బిగించిన మామూలు ఫిలమెంట్ బల్బును లోడుగా పెట్టి, అదే సమయంలో మీటరుతో తిరిగి కొలవాలి. దొంగ వోల్టేజి అయితే అంకె ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది. నిజమైనదైతే బల్బు వెలుగుతుంది, అంకె నిలుస్తుంది. అందుకే ముల్లు తిరిగే పాత మీటరు ఇటువంటి చోట్ల తక్కువ చూపుతుంది. దాని అంతర్గత నిరోధం తక్కువ కనుక అది తానే కొంత లోడుగా పనిచేస్తుంది.

టెస్టర్‌ను నమ్ముకోవడం కూడా ప్రమాదమే. అందులోని నియాన్ దీపం సుమారు 60 నుంచి 90 వోల్టులకే వెలుగుతుంది. దానికి కావలసిన కరెంటు అత్యల్పం. కాబట్టి దొంగ వోల్టులకూ అది వెలుగుతుంది. మనిషి ఎండిన చెక్కపై నిలబడి ఉంటే నిజమైన ఫేజ్‌కు కూడా సరిగా వెలగకపోవచ్చు. టెస్టర్ వెలగలేదని తీగను చేతితో పట్టుకోవడం ఎంతమాత్రం క్షేమకరం కాదు.

న్యూట్రల్ తెగితే

రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలిగి, పరికరాలు మాత్రం పనిచేయకపోతే ముందుగా న్యూట్రల్‌ను అనుమానించాలి. ఫేజ్ నుంచి ఆన్‌లో ఉన్న బల్బు లేదా టీవీ గుండా వచ్చిన వోల్టేజి వెళ్లే దారిలేక న్యూట్రల్ తీగపై నిలిచిపోతుంది. అప్పుడు ఫేజ్, న్యూట్రల్ మధ్య రీడింగు సున్నాకు దగ్గరగానూ, ఫేజ్, ఎర్త్ మధ్య 230 గానూ, న్యూట్రల్, ఎర్త్ మధ్య కూడా దాదాపు 230 గానూ ఉంటుంది. న్యూట్రల్ తీగకు షాక్ ఉండదన్న భ్రమతో ముట్టుకున్నవారు దెబ్బతినేది ఇటువంటి వేళల్లోనే.

పూర్తిగా తెగని, వదులైన న్యూట్రల్ మరింత మోసకారి. లోడు లేనప్పుడు మీటరు 228 చూపి అంతా సవ్యంగా ఉన్నట్లు నమ్మిస్తుంది. ముడి వద్ద ఒక ఓం నిరోధం ఏర్పడిందనుకుంటే 10 ఆంపియర్ల గీజర్ వేయగానే అక్కడ 10 వోల్టులు పోతాయి. న్యూట్రల్, ఎర్త్ మధ్య ఆ 10 వోల్టులు బయటపడతాయి. అంతకన్నా ముఖ్యం, ఆ చిన్న ముడి వద్ద 100 వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ కరగడం, స్విచ్ బోర్డు నల్లబడటం, చివరకు నిప్పు రాజుకోవడం ఈ వరుసలోనే జరుగుతాయి. 10 ఆంపియర్లు 16 ఆంపియర్ల ఎంసీబీకి మామూలు కరెంటే కనుక అది పడిపోదు. ఇల్లు కాలే ప్రమాదాన్ని పట్టి ఇచ్చేది లోడు పెట్టి కొలిచిన ఆ 10 వోల్టుల అంకె మాత్రమే.

వీధి స్తంభం వద్ద మూడు ఫేజులకూ ఉమ్మడిగా ఉన్న న్యూట్రల్ తెగితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. వేర్వేరు ఫేజులపై ఉన్న రెండు ఇళ్లు 400 వోల్టుల మధ్య ఒకదాని వెనుక ఒకటిగా చేరిపోతాయి. ఒక ఇంట్లో 900 వాట్ల లోడు, మరొక ఇంట్లో 100 వాట్ల లోడు ఉన్నాయనుకుంటే ఎక్కువ లోడున్న ఇంటికి 40 వోల్టులు, తక్కువ లోడున్న ఇంటికి 360 వోల్టులు వస్తాయి. పొదుపుగా వాడుకునే ఇంట్లోనే టీవీ, ఫ్రిజ్ కాలిపోవడంలోని విచిత్రం ఇదే. ఒక గదిలో దీపాలు మసకబారి మరొక గదిలో కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలిగినా, పొరుగింట్లో దీపాలు తగ్గినప్పుడు ఇక్కడ పెరిగినా మీటరు కోసం వెతకకుండా ముందు మెయిన్ స్విచ్ ఆపివేయాలి. పరీక్షలు తర్వాత చేసుకోవచ్చు.

ఎర్త్ లేని ఇల్లు

న్యూట్రల్, ఎర్త్ మధ్య 110 వోల్టుల చుట్టుపక్కల రీడింగు వస్తే చాలామంది కంగారుపడతారు. కంప్యూటర్లు, కొన్ని టీవీలు, వాషింగ్ మెషీన్ల పవర్ సప్లయిలో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి లోహపు పెట్టెకు చెరొక చిన్న కెపాసిటర్ ఉంటుంది. ఎర్త్ తీగ సక్రమంగా ఉన్నంతవరకు అవి మోసే స్వల్ప కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ తెగిపోతే ఆ పెట్టె 230లో సగం, అంటే 115 వోల్టుల వద్ద తేలుతుంది. చేతికి తగిలే జివ్వుమనే అనుభవానికి ఒక కారణం ఇదే. ఈ కరెంటు మిల్లీ ఆంపియర్ లోపే ఉంటుంది.

అంతమాత్రాన దాన్ని తేలికగా తీసుకోరాదు. ఆ రీడింగు తెలిపే అసలు వార్త, ఇంటికి ఎర్త్ లేదన్నది. రేపు గీజర్ కాయిల్‌లోనో, నీటి మోటారులోనో ఇన్సులేషన్ దెబ్బతింటే పూర్తి 230 వోల్టులూ లోహపు తొడుగుపైకి వస్తాయి. దాన్ని నేలలోకి పంపే దారి ఉండదు. తడి కాళ్లతో ముట్టుకున్న మనిషే ఆ దారి అవుతాడు.

ఎర్త్ గుంట ఉన్నంత మాత్రాన రక్షణ పూర్తయినట్లు కాదు. గుంట నిరోధం 20 ఓంలు ఉందనుకుంటే లోపం ఏర్పడినప్పుడు పారే కరెంటు 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి కదలదు. పరికరం తొడుగు ప్రమాదకర వోల్టేజితో అలాగే ఉండిపోతుంది. ఈ లోటును తీర్చేది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే సరఫరాను తెంచివేసే ఈఎల్‌సీబీ లేదా ఆర్‌సీసీబీ. దానిపై ఉండే టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి చూడటం కూడా పరీక్షలో భాగమే.

అనుమానించవలసిన ‘సరైన’ అంకె

అన్ని రీడింగులూ పుస్తకంలో చెప్పినట్లు ఉన్నా ప్రమాదం పొంచి ఉండే సందర్భం ఒకటుంది. ఎర్త్ తీగ లేని ఇళ్లలో కొందరు పనివారు సాకెట్ వెనుక న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న తీగ ముక్క కలిపి పని అయిందనిపిస్తారు. అప్పుడు ఫేజ్, ఎర్త్ మధ్య 230, న్యూట్రల్, ఎర్త్ మధ్య సున్నా వస్తాయి. ఇంటి యజమాని సంతృప్తి పడతాడు. ఏదో ఒక రోజు న్యూట్రల్ తెగితే ఆ సాకెట్‌కు తగిలించిన ప్రతి పరికరపు లోహపు తొడుగూ ఫేజ్ తీగతో సమానమవుతుంది.

దీన్ని పట్టుకోవడానికి అదే సర్క్యూట్‌పై ఇస్త్రీ పెట్టె వంటి బరువైన లోడు వేసి న్యూట్రల్, ఎర్త్ మధ్య కొలవాలి. నిజమైన ఎర్త్ అయితే లోడు వేయగానే అర వోల్టో, ఒకటి రెండు వోల్టులో పెరుగుదల కనిపిస్తుంది. లోడు ఉన్నా లేకున్నా ఖచ్చితంగా సున్నాయే నిలిచి ఉంటే సాకెట్ విప్పించి చూడటం మంచిది. అలాగే కుడి రంధ్రానికి బదులు ఎడమ రంధ్రంలో ఫేజ్ ఉంటే తీగలు తారుమారైనట్లు. అప్పుడు స్విచ్ తెంచేది న్యూట్రల్‌ను కావచ్చు. ఆపివేశామనుకున్న పరికరంలో ఫేజ్ అలాగే ఉంటుంది.

ఇన్వర్టర్ల మాయ

కరెంటు పోయి ఇన్వర్టర్ నడుస్తున్నప్పుడు కొలిచిన అంకె మరొక రకపు తికమక కలిగిస్తుంది. గ్రిడ్ విద్యుత్ అల మెత్తగా ఎగసిపడుతుంది. చవక ఇన్వర్టర్ అల చదరంగా ఉంటుంది. సాధారణ మల్టీమీటరు అలల సగటును కొలిచి, అది మెత్తని అల అన్న భావనతో 1.11తో హెచ్చించి చూపుతుంది. కనుక నిజంగా 230 వోల్టులున్న చదరపు అలను అది 255గా చూపుతుంది. మెట్లు మెట్లుగా ఉండే అలను తక్కువగా చూపవచ్చు. ‘ట్రూ ఆర్‌ఎంఎస్’ అని రాసి ఉన్న మీటరుకు ఈ పొరపాటు ఉండదు. మీటరు లోపలి బ్యాటరీ బలహీనపడినా వింత అంకెలు వస్తాయి. ఏసీకి బదులు డీసీ గుర్తుపై పెట్టి కొలిస్తే ఫేజ్ ఉన్నా సున్నా దగ్గరే చూపి ప్రాణం మీదికి తెస్తుంది.

కాబట్టి ఏ సాకెట్‌లోనైనా కరెంటు లేదని నిర్ధారించే ముందు మీటరును కరెంటు ఉన్నట్లు తెలిసిన సాకెట్‌లో పరీక్షించాలి. పని సాకెట్‌లో కొలవాలి. వెంటనే తిరిగి మొదటి సాకెట్‌లో మరోసారి చూడాలి. మీటరు ఎర్ర తీగను ఆంపియర్ల రంధ్రంలో ఉంచి సాకెట్‌లో పెడితే నేరుగా షార్ట్ సర్క్యూట్ అయి మీటరు చేతిలోనే పేలవచ్చు. చెప్పులు పొడిగా ఉండాలి. రెండవ చేయి గోడను, నీటి పైపును తాకకుండా ఉండాలి. సాకెట్ విప్పవలసి వచ్చినప్పుడు, మెయిన్ బోర్డులో చేయి పెట్టవలసి వచ్చినప్పుడు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే ఆ పని అప్పగించాలి.

ఫిర్యాదుకు ఆధారం

తేడా మీటరు బయట ఉందని తేలితే వినియోగదారుడికి చట్టం అండగా ఉంది. విద్యుత్ చట్టం, 2003 ప్రకారం ప్రతి పంపిణీ సంస్థా ఫిర్యాదుల పరిష్కార వేదికను ఏర్పాటు చేయాలి. అక్కడ న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2020 డిసెంబరులో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను కూడా ప్రకటించింది. అండమాన్‌లో పంపిణీ బాధ్యత అక్కడి పాలనా యంత్రాంగపు విద్యుత్ శాఖది. దానిపై నియంత్రణ గోవా, కేంద్రపాలిత ప్రాంతాల సంయుక్త విద్యుత్ నియంత్రణ మండలిది.

“వోల్టేజి బాగాలేదు” అన్న మాటకన్నా తేదీ, వేళ, మూడు రీడింగులు, లోడు ఉన్నప్పటి అంకె, లేనప్పటి అంకె, పొరుగింటి అంకె రాసి ఇచ్చిన కాగితానికి విలువ ఎక్కువ. స్తంభం ఎక్కే లైన్‌మన్‌కూ ఆ కాగితమే దారి చూపుతుంది. దీవుల్లోని గృహిణి అయినా, శ్రీకాకుళం పల్లెలో మోటారు కాలిపోయిన రైతు అయినా ఆ ఆరు అంకెలను రాసి ఉంచుకోవడానికి పట్టేది పది నిమిషాలు. చిలుము పట్టిన ఒక ముడి నిప్పుగా మారకముందే దొరికిపోవడానికి అవి చాలు.